ఎడమ చక్రం వెనక నేను

ఇప్పుడు నన్ను చూస్తే ఎవరూ గుర్తు పట్టరు. కుందుర్పిలో ఒక రైతు ఇంటి వెనక, దూడ పలుపుతాడు కొసన తుప్పు పట్టిన ఇనప గిన్నెలా పడి ఉన్నాను. దూడ గట్టిగా లాగితే రెండడుగులు జరుగుతాను. శనక్కాయ కళ్లానికి వచ్చే రోజుల్లో పట్ట గాలికి లేవకుండా దాని అంచు మీద నన్ను పెడతారు. నా కడుపులో ఒకప్పుడు ఆరు ఉక్కు గోళీలు ఉండేవి. అవి ఇప్పుడు వీధిలో పిల్లల జేబుల్లో ఉన్నాయి. సాయంత్రం పూట వాళ్లు గోలీలాడుతుంటే నా గోళీలు ఒకదానికొకటి తగిలే చప్పుడు వింటాను. మామూలు గాజు గోలీల చప్పుడు వేరు, నావాటి చప్పుడు వేరు.

నేను మారుతీ 800 కారులో ఎడమవైపు ముందు చక్రం వెనక ఉండే జాయింటుని. మెకానిక్కులు సీవీ జాయింటు అంటారు, కొందరు యాక్సిల్ జాయింటు అంటారు. కారు కొన్నవాళ్లు మాత్రం ఏ పేరూ పెట్టి పిలవరు. నేనున్నానని వాళ్లకు తెలిసేది నేను చెడిపోయిన రోజే.

నా పని చెబుతాను. ఇంజిను తిప్పిన బలం గేరుబాక్సు దాటి, పొట్టి ఇరుసు గుండా నా దగ్గరికి వస్తుంది. దాన్ని నేను చక్రానికి అందించాలి. వెనక చక్రాలు తోసే బండ్లలో ఇది తేలిక. మారుతిలో ముందు చక్రాలే బండిని లాగుతాయి, ముందు చక్రాలే పక్కకు తిరుగుతాయి. గుంత వస్తే పైకి లేస్తాయి, దిగితే కిందికి జారుతాయి. ఇరుసు ఒక దిక్కున, చక్రం ఇంకో దిక్కున ఉన్నా తిరుగుడు ఆగకూడదు. స్టీరింగు పూర్తిగా కోసినప్పుడు 40 డిగ్రీల దాకా వంగి, ఆ వంపులోనే నేను తిరగాలి.

జీపుల కిందా లారీల కిందా కనిపించే క్రాస్ జాయింటు నాకు తాతలాంటిది. దాన్ని 17వ శతాబ్దపు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుతో పిలుస్తారు. అది గట్టిదే. అయితే వంగి తిరిగినప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు పరుగెత్తి, రెండుసార్లు నెమ్మదిస్తుంది. వంపు పెరిగేకొద్దీ ఆ కుదుపూ పెరుగుతుంది. ముందు చక్రానికి పెడితే మలుపులో స్టీరింగు చేతిలో నిలవదు. 1926లో ఫోర్డు కంపెనీలో ఇంజనీరుగా ఉన్న ఆల్‌ఫ్రెడ్ జెప్పా దీనికి దారి కనిపెట్టాడు. గిన్నెలో గాళ్లు, గిన్నె లోపలి గుండులో గాళ్లు, రెంటి మధ్య ఆరు గోళీలు, గోళీలు చెదరకుండా ఒక పంజరం. ఇరుసు ఎటు వంగినా గోళీలన్నీ ఆ వంపును సరిగ్గా సగం చేసే చోట నిలుస్తాయి. అందుకే ఇరుసు ఎంత వేగంతో తిరిగితే చక్రమూ అంతే వేగంతో తిరుగుతుంది. 1959లో ఇంగ్లండులో అలెక్ ఇసిగోనిస్ మినీ అనే చిన్న కారు తయారు చేసినప్పుడు, ఇంజిను అడ్డంగా పెట్టి ముందు చక్రాలతో లాగించడానికి మా జాతి జాయింట్లే వాడాడు. చిన్న బండిలో నలుగురు కూర్చునే చోటు వచ్చిందంటే అందులో మా పాలు ఉంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని తిరిగే మన దేశానికి 1983 డిసెంబరు 14న గుర్గావ్‌లో మారుతీ 800 వచ్చింది. దానితో మేమూ ఊరూరికీ వచ్చాం.

నన్ను ఎలా కాచారో, ఎలా చెక్కారో నాకు సరిగా గుర్తు లేదు. మంట గుర్తుంది, ఆ తర్వాత చల్లదనం గుర్తుంది. మొదటిసారి చెయ్యి పెట్టి నాలో గ్రీసు నింపిన మనిషి మాత్రం బాగా గుర్తు. నల్లటి, చిక్కటి, మాలిబ్డినం కలిసిన గ్రీసు. దాని మీద మడతలు మడతలుగా కొలిమితిత్తిలా ఉండే రబ్బరు తొడుగు వేసి, రెండు కొసలా క్లాంపులు బిగించాడు. ఆ తొడుగును బూటు అంటారు. అది బాగున్నంత కాలం నాకు వేరే ఏమీ అక్కర్లేదు. ఇంజినుకు ఆయిలు మార్చాలి, రేడియేటరుకు నీళ్లు పోయాలి, టైర్లకు గాలి పట్టాలి. నాకు ఆ గ్రీసు ఒక్కసారి చాలు. బూటు చిరగకపోతే బండి బతికినంత కాలం బతకగలను. దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి, నా బాధంతా దీని చుట్టే ఉంది.

నన్ను మొదట కొన్నది అనంతపురంలో ఒక హైస్కూలు హెడ్మాస్టరు. కొన్న మరునాడే కసాపురం ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్లి పూజ చేయించాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. నా పక్క చక్రం కింద నిమ్మకాయ చితికి రసం చిమ్మింది. బానెట్టుకు బొట్టు పెట్టారు, స్టీరింగుకు దండ వేశారు. నా దాకా బొట్టు రాలేదు, రాదని నాకూ తెలుసు. ఆ హెడ్మాస్టరు మంచి మనిషి. సర్వీసింగుకు ఇచ్చినప్పుడల్లా బండిని పైకెత్తించి కింద చూడమనేవాడు. ఎనిమిదేళ్లు ఒక్క శబ్దం చెయ్యకుండా నడిచాను.

ఆ తర్వాత కాలం మారింది. 2010 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చి, హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో మారుతీ 800 అమ్మకం ఆగిపోయింది. 2014 జనవరిలో తయారీయే ఆపేశారు. పట్నాల్లో పెద్ద కార్లు వచ్చాయి. మాలాంటివి ఒక్కొక్కటీ చేతులు మారి పల్లెలకు చేరాయి. హెడ్మాస్టరు రిటైరయ్యి నన్ను అమ్మేశాడు. కుందుర్పి రైతు కొన్నాడు.

కొన్న రోజు ఆ రైతు ఇంటిల్లిపాదీ బండి చుట్టూ నిలబడ్డారు. ముసలమ్మ బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ ఇంటికి అది మొదటి కారు. అక్కడి నుంచి నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. శ్రావణ శనివారాల్లో ఎల్ల దాటి కర్ణాటకలోని పావగడ శనీశ్వరస్వామి గుడికి ఆరుగుర్ని మోసుకెళ్లాను. కూతుర్ని కాన్పుకు కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకెళ్లాను, బిడ్డతో తిరిగి తెచ్చాను. వెనక సీటు మడిచి ఎరువు మూటలు వేశారు, విత్తనకాయలు వేశారు, ఒకసారి రెండు గొర్రె పిల్లల్ని వేశారు. కారుకని చేసిన బండితో ట్రాక్టరు పని చేయించారు. నేను కాదనలేదు. ఆ ఇంటికి ఇంకో బండి లేదు.

కుందుర్పి దారుల గురించి చెప్పాలి. తారు రోడ్డు ఒక్క బండికి సరిపోయేంత వెడల్పు. ఎదురుగా బస్సు వస్తే ఎడమ చక్రాలు కిందికి దించాలి. తారు అంచుకూ మట్టికీ మధ్య జానెడు పల్లం. రోజుకు ఎన్నిసార్లు బస్సుకు దారి ఇస్తే అన్నిసార్లు ఎడమవైపు నేనే పడతాను, నేనే ఎక్కుతాను. కుడివైపున్న నా జతగాడికి ఆ కష్టం తక్కువ. రోడ్డు దిగితే గరుసు, కంకర, తుమ్మ ముళ్లు. ఎండాకాలంలో నేల నుంచి వచ్చే వేడికి రబ్బరు పెళుసవుతుంది. ఆషాఢం గాలులు మొదలైతే దుమ్ము మేఘంలా లేస్తుంది. కళ్యాణదుర్గం చుట్టూ గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, మా ప్రాంతపు గాలి అలాంటిది. వాన మాత్రం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అదీ పడిన ఏడు. తడి లేని నేల దుమ్మవుతుంది. ఆ దుమ్ము ఎక్కడ సందు ఉంటే అక్కడ దూరుతుంది.

నా బూటు చిరిగింది ఒక వేసవిలో. మడత లోపల గోరంత పగులు. బండి నడుస్తుంటే చక్రంతో పాటు బూటూ గిరగిర తిరుగుతుంది కాబట్టి ఆ పగుల్లోంచి గ్రీసు బయటికి చిమ్మింది. చక్రం లోపలి వైపంతా నల్లటి చారలు పడ్డాయి. వంగి చూస్తే పసివాడికైనా కనిపించే గుర్తు. ఎవరూ వంగలేదు. బండి అద్దాలు రోజూ తుడిచేవాళ్లు. నెలన్నర తర్వాత పంచరు వేయించడానికి చక్రం విప్పినప్పుడు పంచరు కుర్రాడు చూశాడు.

"అన్నా, బూటు చినిగింది. గ్రీసంతా బయటికి కొడతాంది. ఇప్పుడే మార్పిచ్చుకుంటే కొన్ని నూర్లతో పోతాది. ఇట్లే తిప్పితే జాయింటే పోతాది, వేలల్లో పని."

"చూద్దాంలే అప్పా. బోరు ఎండిపోయింది, మోటారు కాలింది. ముందు నీళ్ల సంగతి చూడల్ల."

ఆ మాటకు నేనేమనగలను? ఆ ఏడు ఆ రైతు రెండు బోర్లు వేశాడు. ఒకటి దుమ్మే కొట్టింది, ఇంకొకటి ఒక నెల పారి ఆగింది. శనక్కాయకు ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేసింది. ఇంటి ఖర్చుల్లో నా వంతు చివరికి పోవడం అన్యాయమని అననుగాని, ఒక్క మాట మాత్రం చెబుతాను. ఆ రోజు బూటు మార్చడానికి అయ్యే డబ్బు, అదే వారం బండికి వేయించిన కొత్త సీటు కవర్ల ఖర్చుకన్నా తక్కువ.

రెండు నెలల తర్వాత, ఒక పనిమీద పోయినప్పుడు, దారిలో ఒక షెడ్డు దగ్గర బండి ఆపారు. బూటు మార్చమన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. అయితే అక్కడ జరిగింది నేను బతికున్నంత కాలం మరిచిపోలేను. చిరిగిన బూటు మార్చేటప్పుడు నన్ను ఇరుసు నుంచి విప్పాలి. గోళీలు ఒక్కొక్కటే బయటికి తియ్యాలి. గిన్నె, గుండు, పంజరం డీజిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, గాళ్లలో వేలు పెట్టి గరుకు ఉందేమో చూడాలి. అన్నీ నున్నగా ఉంటే కొత్త గ్రీసు నింపి బూటు వెయ్యాలి. గుంటలు పడి ఉంటే కొత్త బూటు వెయ్యడమే దండగ, జాయింటు మార్చమని ముఖం మీద చెప్పాలి. ఆ రోజు ఆ షెడ్డులో అవేవీ చెయ్యలేదు. మూడున్నర నెలల దుమ్ము, ఇసుక పాత గ్రీసులో కలిసి నాలో సానరాయి పిండిలా ఉంది. దాని మీదే బేరింగులకు వాడే మామూలు గ్రీసు గుప్పెడు పెట్టారు. అంగడిలో చవకగా దొరికిన బూటు తొడిగారు. క్లాంపు సరిపోలేదని కట్టుతీగ చుట్టి కటింగు ప్లేయరుతో మెలిపెట్టారు. ఇసుకను బయటికి తియ్యాల్సింది పోయి, లోపలే పెట్టి మూత వేశారు.

తీగ కోసుకుని ఆ బూటు మూడు నెలల్లో మళ్లీ విడిపోయింది. అప్పటికే నా గాళ్లు అరిగాయి. గోళీ కదిలే చోట సన్నటి పల్లాలు పడ్డాయి. గోళీ ఆ పల్లంలో దిగి, లేచేటప్పుడు టక్కుమనేది. తిన్నగా పోతుంటే వినపడదు. మలుపు తిరుగుతూ ఆక్సిలరేటరు తొక్కితే టక్ టక్ టక్ టక్. ఆ శబ్దమే నా నోరు. అంతకంటే నాకు ఇంకో భాష లేదు. ఎన్నిసార్లు చెప్పానో. ఇంటి సందులోకి తిరిగేటప్పుడు చెప్పాను. పెట్రోలు బంకులోంచి బయటికి వచ్చేటప్పుడు చెప్పాను. రైతు కొడుకు పాటల శబ్దం పెంచాడు.

చివరికి ఊళ్లోనే ఉన్న ఒక ముసలి మెకానిక్కు విన్నాడు. బండిని కళ్లంలోకి తోలమన్నాడు. స్టీరింగు ఒకవైపు పూర్తిగా కోసి, మొదటి గేరులో నెమ్మదిగా గుండ్రంగా తిప్పించాడు. ఒకప్పుడు శనక్కాయ మీద ఎద్దులు తిరిగిన చోట బండి తిరిగింది. ఒక వైపు చుట్టు, మళ్లీ రెండో వైపు చుట్టు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చెవి ఒగ్గి విన్నాడు. ఒక వైపు తిప్పినప్పుడు నా టకటక ఎక్కువైంది.

"ఎడమపక్క బయటి జాయింటు అయిపోయింది, నాయనా. లోపలిది బాగుండాది. జాయింటు ఒకటే వేసుకుంటే చాలు, యాక్సిలంతా మార్చే పన్లేదు. కంపెనీదే తెచ్చుకో. పాతది వేసుకుంటే పాత రోగమే వస్తాది."

ఎంత నిజాయితీ గల మాట! మొత్తం యాక్సిల్ మార్చమంటే ఆయనకు కూలి ఎక్కువ మిగిలేది. చాలాచోట్ల అదే చెబుతారు, ఎందుకంటే విప్పి చూసే ఓపిక కంటే మొత్తం తీసి మొత్తం పెట్టడం తేలిక. ఆయన విరిగిన చోటు ఏదో చెవితో పట్టుకుని, అంతవరకే ఖర్చు చెప్పాడు. ఆ ఖర్చు కూడా అప్పటికి బూటు ఖరీదుకు ఎన్నో రెట్లు. రైతు తలూపి, శనక్కాయ అమ్మినాక చూద్దామన్నాడు.

శనక్కాయ అమ్మేదాకా నేను ఆగలేకపోయాను. కొత్త బోరులో నీళ్లు పడి, ఇరవై రోజులకే మోటారు కాలింది. చుట్టు మార్పించడానికి దాన్ని వెనక సీట్లో వేసుకుని తెల్లవారకముందే కళ్యాణదుర్గం బయలుదేరారు. ఎదురుగా లారీ వస్తే ఎడమకు దించారు. మళ్లీ తారు మీదికి ఎక్కించడానికి స్టీరింగు కుడికి కోసి, గట్టిగా తొక్కారు. వంపు అంతా నా మీద, బరువు అంతా నా మీద. పంజరం చిట్లింది. గోళీలు గాళ్లలోంచి తప్పుకున్నాయి. ఒక్క పెద్ద చప్పుడు, ఆ తర్వాత ఇంజిను అరుస్తూనే ఉంది, బండి మాత్రం కదల్లేదు.

రైతు కొడుకు గేరు మార్చి చూశాడు, మళ్లీ మార్చి చూశాడు. కుడివైపు జాయింటు బాగానే ఉంది కదా, దానితోనైనా పోవచ్చు కదా అనుకున్నాడేమో. అలా పోదు. గేరుబాక్సులో ఉండే డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ బలాన్ని సమానంగా పంచుతుంది. ఒకవైపు పట్టు లేకుండా వట్టిగా తిరుగుతుంటే రెండోవైపుకూ వట్టిదే మిగులుతుంది. నా జతగాడు చక్కగా ఉండి కూడా, నా వల్ల నిలబడిపోయాడు. ఆ తెల్లవారుజామున రోడ్డు పక్క కాలిన మోటారును ఒళ్లో పెట్టుకున్నట్టు కూర్చున్న ఆ తండ్రీకొడుకులను చూసి నాకు కోపం రాలేదు. ఇంతకాలం ఎవరి మీదో ఉన్న కోపం కూడా ఆ క్షణంలో పోయింది. పైరు మాత్రం నీళ్లు లేక ఇంకో నాలుగు రోజులు ఎండింది.

ట్రాక్టరుకు మోకు కట్టి బండిని ఊళ్లోకి లాక్కొచ్చారు. గాళ్లు తప్పిన గోళీలు గీరినందువల్ల ఇరుసు కొస కూడా చెడింది. చక్రం బేరింగు దెబ్బతింది. లాగడానికి ట్రాక్టరు బాడుగ, యాక్సిల్, బేరింగు, గేరు ఆయిలు, కూలి. కొన్ని వందలతో పోయే పని ఇంతకు వచ్చింది. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. బెంగళూరు నుంచి ఎవరో తెచ్చిన పాత యాక్సిల్ వేసి బండిని లేపారు. ముసలి మెకానిక్కు వద్దంటూనే వేశాడు, కొత్తదానికి వాళ్ల దగ్గర డబ్బు లేదు.

నన్ను విప్పిన రోజు నట్టు మొరాయించింది. సుత్తితో పది దెబ్బలు పడ్డాక ఊడి వచ్చాను. గిన్నె తిరగేస్తే గోళీలు నేల మీద దొర్లాయి. పిల్లలు పరుగెత్తుకొచ్చి ఏరుకున్నారు. నన్ను గోడ వారగా వేశారు. ఒక వానాకాలం అక్కడే ఉన్నాను. పడిన నాలుగు చినుకులకే తుప్పు పట్టాను. గ్రీసు ఉన్నప్పుడు పాతికేళ్లయినా పట్టని తుప్పు. ఆ తర్వాత ముసలమ్మ నన్ను ఎత్తి చూసి, "బరువుగా ఉండాది, దూడకు కడదాం" అంది. పనికొస్తానని ఒకరన్నారు, అది చాలు.

2019లో పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి కొత్త కార్లు రావడం మొదలైందని వీధిలో మాట్లాడుకుంటుంటే విన్నాను. అప్పటికి అదీ మా అనంతపురం జిల్లాయే, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఆ కార్లకూ ముందు చక్రాల వెనక మా జాతివాళ్లే ఉంటారు. రేపు పెట్రోలు పోయి కరెంటు కార్లే తిరిగినా, మోటారు నుంచి వంగే చక్రానికి బలం అందించాలంటే మళ్లీ మేమే కావాలి. మా దారులు మారవు, మా దుమ్ము మారదు. అద్దం మీద కంపెనీ స్టిక్కరు కూడా తియ్యని ఆ కొత్త బండ్లు మా రోడ్ల మీదికి వచ్చినప్పుడు, వాటి కింద కొత్త బూట్లు నిగనిగలాడుతూ తిరగడం దూడ పక్కన పడి చూస్తుంటాను. వాటిలో ఎన్నిటిని వంగి చూస్తారో అనిపిస్తుంది.

మీ ఇంటి ముందు కారుంటే ఈ సాయంత్రం స్టీరింగు ఒకవైపు పూర్తిగా తిప్పి ఆపండి. ఇంజిను ఆపి, హ్యాండు బ్రేకు వేసి, ముందు చక్రం వెనక వంగి చూడండి. మడతల రబ్బరు తొడుగు కనిపిస్తుంది. దాని మడతలు వేలితో విప్పి చూడండి. పగులు కనిపించినా, వేలికి నల్లగా గ్రీసు అంటినా, మలుపులో టకటక వినిపించేదాకా ఆగొద్దు. ఈ వారమే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లండి. బూటు మార్చేముందు జాయింటు విప్పి, కడిగి, గోళీలు చూపించమని దగ్గర నిలబడి అడగండి.